సారాయి, రక్తంలోని క్రొవ్వు : ఒక నమ్మకం చరిత్ర

మితంగా పుచ్చుకొంటే మద్యం గుండెకు మేలు చేస్తుందనే మాట గూడూరు వంటి చిన్న పట్టణంలో కూడ వినవస్తూనే ఉంటుంది. చదువుకొన్నవారే ఈ మాట ఎక్కువగా అంటారు. కావలసివస్తే జేబులోనుండి రక్తపరీక్ష చీటీ తీసి, అందులో "మంచి కొలెస్టెరాల్" అంకె ఎంత బాగున్నదో చూపిస్తారు. ఇది తాగేవారు కల్పించుకొన్న వట్టి సాకు అని కొట్టివేయటానికి వీలులేదు. దీని వెనుక ఎన్నో ఏండ్ల వైద్య పరిశోధన ఉన్నది. పేరుపొందిన పత్రికలలో అచ్చయిన లెక్కలున్నవి. ఆ లెక్కలు అబద్ధాలు కావు. వాటినుండి తీసిన అర్థంలోనే పొరబాటు ఉన్నది. ఆ పొరబాటు ఎట్లా పుట్టి, ఎట్లా పెరిగి, ఎట్లా బయటపడినదో తెలుసుకోవటం మనకు మరీ అవసరం. ఎందుకంటే, మన దేశపువారి రక్తంలో క్రొవ్వుల తీరు యూరపు, అమెరికా ఖండాలవారి తీరు వంటిది కాదు.

క్రొవ్వు నీటిలో కరగదన్న సంగతి వంటయింటిలో అందరూ చూచేదే. రక్తంలో ఎక్కువ భాగం నీరు. మరి మనం తిన్న నూనె, నెయ్యి, కాలేయం తయారుచేసిన క్రొవ్వు ఒక అవయవంనుండి మరొక అవయవానికి ఎట్లా పోతున్నవి? గూడూరు జంక్షనులో గూడ్సుబండ్లు చూచినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. సరుకు తనంతట తాను పట్టాలమీద నడవదు, దానికి వాగను కావాలి. శరీరంలో ఈ వాగనులు మాంసకృత్తులతో అల్లిన అతి సూక్ష్మమైన మూటలు. మూటకు బయటివైపు నీటితో పొసిగే పదార్థం, లోపల క్రొవ్వు. క్రొవ్వు పాలు ఎక్కువైన కొద్దీ మూట తేలిక. మాంసకృత్తి పాలు ఎక్కువైన కొద్దీ సాంద్రత ఎక్కువ. కాలేయం పంపించే తేలిక మూటలకు వి.ఎల్.డి.ఎల్. అని పేరు. వాటిలోని సరుకు ముఖ్యంగా ట్రైగ్లిసరైడులు, అనగా మనం వంటలో వాడే నూనె, నెయ్యి జాతి క్రొవ్వే. ఆ సరుకు కండరాలలోనూ, క్రొవ్వు కణాలలోనూ దిగిపోగా మిగిలిన మూట ఎల్.డి.ఎల్. దీనిలో కొలెస్టెరాల్ ఎక్కువ. ఇది ధమనుల గోడలలో చిక్కుకొని పేరుకొంటుంది. అన్నిటికన్న చిన్నవీ, సాంద్రమైనవీ హెచ్.డి.ఎల్. మూటలు. కణజాలంలో మిగిలిపోయిన కొలెస్టెరాల్‌ను తిరిగి కాలేయానికి చేర్చే పనిలో ఇవి పాలుపంచుకొంటవి. అందుచేత దీనికి "మంచి కొలెస్టెరాల్" అనే పేరు వచ్చింది. ఈ పేరే తరువాత చాలా చిక్కు తెచ్చిపెట్టింది.

ఈ మూటల సంగతి తెలియటానికి చాలాకాలం పట్టింది. 1815 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్, పిత్తాశయంలో ఏర్పడే రాళ్లనుండి తీసిన తెల్లని పదార్థానికి పైత్యం, గట్టిది అనే అర్థాలు గల రెండు గ్రీకు మాటలు కలిపి పేరు పెట్టాడు. (జీవితంలో ఎక్కువ కాలం క్రొవ్వులతోనే గడిపిన ఈ మహాశయుడు 102 ఏండ్లు బ్రతికాడు.) ఆ పదార్థానికీ ధమనుల జబ్బుకూ సంబంధమున్నదని 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ చూపాడు. నూనెలో కలిపిన కొలెస్టెరాల్‌ను కుందేళ్లకు మేపగా వాటి ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొన్నది. కుందేలు ఆకులు తినే జంతువు, దానికి జరిగినది మనిషికి ఎట్లా వర్తిస్తుందని చాలామంది పెదవి విరిచారు. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గోఫ్‌మన్, అతివేగంగా తిరిగే అపకేంద్ర యంత్రంలో రక్తపు తేటను త్రిప్పి, సాంద్రతనుబట్టి మూటలను వేరుచేశాడు. మజ్జిగ చిలికితే వెన్న పైకి తేలటం వంటిదే ఈ పని. మరుసటి ఏడు, 1951లో, న్యూయార్కులో బార్, ఆయన సహచరులు గుండెజబ్బు ఉన్నవారి రక్తంలో హెచ్.డి.ఎల్. తక్కువగా ఉంటున్నదని ప్రకటించారు. ఆ సంగతిని ఇరవైయైదేండ్లపాటు పెద్దగా పట్టించుకొన్నవారు లేరు.

మద్యానికీ రక్తంలోని క్రొవ్వుకూ గల సంబంధం మాత్రం వైద్యులు చాలాకాలంగా ఎరిగినదే. బాగా తాగే మనిషి రక్తం తీసి కొంతసేపు నిలవ ఉంచితే, పైకి తేరిన ద్రవం ఒక్కొక్కసారి పాలవలె తెల్లగా ఉంటుంది. 1958లో అమెరికాలో జీవ్ అనే వైద్యుడు, విపరీతంగా తాగేవారిలో కామెర్లు, పాలవంటి రక్తం, రక్తకణాలు చితికిపోవటంవల్ల కలిగే రక్తహీనత, ఈ మూడూ కలిసి రావటాన్ని వర్ణించాడు. ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచింది.

ఇది ఎందుకు జరుగుతుంది? శరీరం అన్నాన్ని దాచుకొన్నట్లు మద్యాన్ని దాచుకోలేదు. లోపలికి పోయిన మద్యాన్ని ముందు ఖర్చుచేసి తీరవలె. ఆ పని ప్రధానంగా కాలేయానిది. గ్రాము మద్యం 7 కాలరీలు ఇస్తుంది. గ్రాము పిండిపదార్థం 4, గ్రాము నూనె 9. కాలేయంలో మద్యం ముందు ఆసిటాల్డిహైడుగానూ, తరువాత ఆసిటిక్ ఆమ్లపు రూపంలోనికీ మారుతుంది. రెండు మెట్లలోనూ మద్యంనుండి హైడ్రోజను తీసివేయబడుతుంది. ఆ హైడ్రోజనును మోసుకొనిపోయే అణువులు కణంలో పరిమితంగానే ఉంటవి. క్రొవ్వును మండించటానికి కావలసినవీ ఆ అణువులే. మద్యంతో అవి నిండిపోయినప్పుడు, మెయిలుబండికోసం గూడ్సుబండిని లూపులైనులో నిలిపినట్లు, క్రొవ్వు మండే పని ఆగుతుంది. మండని క్రొవ్వు ట్రైగ్లిసరైడులుగా మారుతుంది. అందులో కొంత కాలేయంలోనే నిలిచి దానిని పసుపుపచ్చగా, జిడ్డుగా చేస్తుంది. కొంత వి.ఎల్.డి.ఎల్. మూటలలో రక్తంలోనికి పోతుంది. తాగుతూ నంజుకొనే వేపుళ్లు, పకోడీలు ఈ రద్దీని ఇంకా పెంచుతవి. క్రొవ్వుతో కూడిన తిండి, మద్యం ఒకేసారి కడుపులో పడితే, భోజనానంతరం రక్తంలోనికి వచ్చిన క్రొవ్వు తొందరగా తొలగిపోదు.

కాలేయానికి పట్టే ఈ క్రొవ్వు మద్యంవల్లనే వస్తుందని ఒప్పుకోవటానికి కూడ వైద్యలోకానికి కాలం పట్టింది. తాగేవారు సరిగా తినరు గనుక ఆ పోషణలోపమే కాలేయాన్ని చెరుపుతున్నదనీ, మద్యానికి స్వతహాగా విషగుణం లేదనీ పెద్ద పెద్దవారు వాదించారు. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకడైన చార్లెస్ బెస్టు 1949లో ఎలుకలమీద చేసిన పరీక్షలనుబట్టి ఈ పక్షమే వహించాడు. 1960లలో న్యూయార్కులో చార్లెస్ లీబర్ దీనిని తారుమారు చేశాడు. మంచి తిండి, తగినన్ని మాంసకృత్తులు, విటమినులు ఇస్తూ మద్యం పట్టించినా కాలేయంలో క్రొవ్వు చేరుతుందని మనుష్యులలోనే చూపాడు. "బాగా తిని తాగితే ఏమీ కాదు" అనే మాట మన పల్లెలలోనూ ఉన్నది. దానికి శాస్త్రీయమైన జవాబు వచ్చి అరవై ఏండ్లు దాటింది.

ఇక్కడివరకు కథ సూటిగానే ఉన్నది. 1977లో మలుపు తిరిగింది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి ప్రజలను 1948నుండి విడువకుండా పరీక్షిస్తూ వచ్చిన వైద్యబృందం, హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వస్తున్నదని ఆ సంవత్సరం ప్రకటించింది. 1951నాటి బార్ మాట మళ్లీ వెలుగులోనికి వచ్చింది. ఆ 1977లోనే కాస్టెల్లి, ఆయన సహచరులు ఐదు ప్రాంతాల జనం రక్తపరీక్షలను కలిపి చూచి, ఎక్కువగా తాగేవారిలో హెచ్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నదని "లాన్సెట్" పత్రికలో వ్రాశారు. ఐదు చోట్లా ఫలితం ఒకటే. ఇందులో సందేహించవలసినది లేదు. మద్యం తాగినప్పుడు కాలేయం హెచ్.డి.ఎల్. మూటకు కావలసిన ముఖ్యమైన మాంసకృత్తిని ఎక్కువగా తయారుచేస్తుంది.

ఇప్పుడు రెండు వాక్యాలు ప్రక్కప్రక్కన నిలిచినవి. హెచ్.డి.ఎల్. ఎక్కువైతే గుండెజబ్బు తక్కువ. మద్యం హెచ్.డి.ఎల్.ను పెంచుతుంది. కాబట్టి మద్యం గుండెజబ్బును తగ్గిస్తుంది. తర్కం చదువుకొన్న విద్యార్థి ఎవడైనా ఈ మూడవ వాక్యం మొదటి రెండింటినుండి రాదని చెప్పగలడు. ఐనా లోకం నమ్మింది. 1979లో 18 సంపన్న దేశాల లెక్కలు పోల్చి, ద్రాక్షసారాయి ఎక్కువగా తాగే దేశాలలో గుండెజబ్బు చావులు తక్కువగా ఉన్నవని చూపారు. 1992లో ఫ్రాన్సుకు చెందిన రెనో, ద లోర్జెరిల్ అనేవారు, వెన్న, జున్ను బాగా తినే ఫ్రెంచివారికి గుండెజబ్బు తక్కువగా ఉండటం ద్రాక్షసారాయి చలవేనని వ్రాశారు. పత్రికలు, టెలివిజను దీనిని ఇంటింటికీ చేర్చినవి. సముద్రాలు దాటి వచ్చేటప్పటికి ద్రాక్షసారాయి కాస్తా విస్కీ, బ్రాందీ అయింది. మితం అనే మాట ఎవరికి తోచినంత వారికి మితమైంది.

ఆ మేలు ఏపాటిదో లెక్క చూడవచ్చును. 1999లో రిమ్, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన పరీక్షలన్నిటినీ కూడి, రోజుకు 30 గ్రాముల మద్యం తాగితే హెచ్.డి.ఎల్. డెసిలీటరుకు సుమారు 4 మిల్లీగ్రాములు పెరుగుతుందనీ, ట్రైగ్లిసరైడులు దాదాపు 6 మిల్లీగ్రాములు పెరుగుతవనీ తేల్చారు. మన అంగళ్లలో అమ్మే విస్కీ, బ్రాందీలలో మద్యం 42.8 శాతం. మద్యపు సాంద్రత సుమారు 0.79. అందుచేత 90 మిల్లీలీటర్లలో, అనగా క్వార్టరు సీసాలో సగంలో, ఉండేది సరిగ్గా ఆ 30 గ్రాములే. నాలుగు మిల్లీగ్రాములకోసం దినానికి 210 కాలరీలు, కాలేయానికి రోజూ ఒక బరువు. పైగా ట్రైగ్లిసరైడుల 6 మిల్లీగ్రాములు సగటు లెక్క మాత్రమే. ఇదివరకే అవి ఎక్కువగా ఉన్నవారిలో, లావుగా ఉన్నవారిలో, మధుమేహమున్నవారిలో పెరుగుదల ఇంతతో ఆగదు. ట్రైగ్లిసరైడులు 1,000 దాటితే క్లోమం వాచి ప్రాణంమీదికి రావచ్చును.

ఫ్రెంచివారి ద్రాక్షసారాయి మహిమ లాన్సెట్‌లో అచ్చయిన ఆ 1992వ సంవత్సరంలోనే, గూడూరు అప్పుడు చేరియున్న నెల్లూరు జిల్లాలో వేరొక చరిత్ర నడిచింది. దానిని చెప్పటానికి కొంచెం వెనుకకు పోవలె. రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో మన ప్రక్కనున్న చిత్తూరుకూ, కడపకూ విస్తరింపజేసింది. యుద్ధానంతరం, 1948 నాటికి, మద్రాసు రాజధాని అంతటా నిషేధం అమలులోనికి వచ్చింది. 1960ల చివర అది సడలిపోయింది. సారా వేలంపాటలు ఖజానాకు పెద్ద ఆదాయమైనవి. 1980లలో ప్రభుత్వమే "వారుణి వాహిని" అనే పథకం క్రింద సారాను ప్యాకెట్లలో నింపి పల్లెలకు అందించింది. అంతకుముందు సీసా ఎత్తుకొని అంగడికి పోవలసినవాడికి ఇప్పుడు సారా జేబులో పట్టేటంత సులువైంది.

1990లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడులలో చదువుకొన్న స్త్రీలకు ఇచ్చిన వాచకంలో "సీతమ్మ కథ" అనే పాఠం ఒకటి ఉన్నది. తాగుబోతు భర్త గల ఇల్లాలి కథ అది. దూబగుంట గ్రామంలో వర్ధినేని రోశమ్మగారు మొదలైన స్త్రీలు ఊరిలో సారా అంగడిని మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతటా అల్లుకొన్నది. సారా వేలంపాటలు సాగనీయలేదు. 1993 ఏప్రిల్ 15నుండి నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1నుండి ఆంధ్రప్రదేశ్ అంతటానూ సారా నిషేధింపబడింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది ఎత్తివేయబడింది.

ఈ స్త్రీలు హెచ్.డి.ఎల్. మాట ఎత్తలేదు. కూలి డబ్బు ఇంటికి రావటంలేదని చెప్పారు, దెబ్బలు తింటున్నామని చెప్పారు. శాస్త్రం బోధించేవాడిగా నాకు తోచేదేమంటే, ఈ విషయంలో వారి తూకం వైద్యపత్రికల తూకంకన్న సరియైనది. పొలంలోనో, గూడూరు ప్రాంతపు అభ్రకం గనులలోనో ఎండలో పనిచేసే బక్కపలుచని మనిషికి సారావల్ల ముందు వచ్చేది గుండెపోటు కాకపోవచ్చును. కాలేయం, క్లోమం చెడటం, త్రోవలో పడి దెబ్బలు తగలటం, ఇంటిలో అన్నం లేకపోవటం ముందు వస్తవి. గుండెజబ్బు అనే ఒక్క గుండుతో మద్యాన్ని తూచటంలోనే మొదటి తప్పు ఉన్నది.

పోనీ, గుండెజబ్బుతోనే తూచుదాము. మన దేశపువారి గుండెలను గూర్చి మొదట వచ్చిన పెద్ద లెక్కలలో ఒకటి రైల్వేవారిదే. పశ్చిమ రైల్వే వైద్యాధికారి డాక్టర్ ఎస్. ఎల్. మల్హోత్రా, దేశమంతటా పదిలక్షలకు మించిన రైల్వే ఉద్యోగులలో 1958–62 మధ్య జరిగిన మరణాలను పరిశీలించి 1967లో ప్రకటించాడు. గూడూరు స్టేషను అప్పుడు దక్షిణ రైల్వేలోనిది. గుండెజబ్బు చావులు పంజాబువారిలోకన్న దక్షిణాదివారిలో ఏడు రెట్లు ఎక్కువ. చిత్రమేమంటే, పంజాబువారు తినే క్రొవ్వు దక్షిణాదివారు తినే దానికి 8నుండి 19 రెట్లు, అందులోనూ ఎక్కువ భాగం నెయ్యి, పాలసంబంధమైనది. మరణకారణాలను రికార్డులనుండి తీసికొన్నారు గనుక ఈ అంకెలను అక్షరాలా పట్టుకోనక్కరలేదు. కాని నెయ్యి మానితే చాలు, గుండెకు భయంలేదన్న ధీమాకు ఆనాడే గండిపడింది.

తరువాతి లెక్కలు బొమ్మను స్పష్టం చేసినవి. గోదావరి జిల్లాలలో 45 గ్రామాలలో 2003–04లో ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాల కారణాలు ఇంటింటికీ పోయి విచారించగా, నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవల్లనే జరిగినవని తేలింది. అంటువ్యాధులవి 12 మాత్రమే. 2014లో భారత వైద్యపరిశోధన మండలి ప్రకటించిన పరిశీలన మన ప్రక్కనున్న తమిళనాడు, మరి రెండు రాష్ట్రాలు, చండీగఢ్‌లకు సంబంధించినది. అందులో హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారు నూటికి 72. ట్రైగ్లిసరైడులు ఎక్కువగా ఉన్నవారు దాదాపు 30. మొత్తం కొలెస్టెరాల్ ఎక్కువగా ఉన్నవారు 14. పాశ్చాత్యులను భయపెట్టే అంకె మనలో అంత హెచ్చుగా లేదు. మంచిదనే మూట తక్కువ, కాలేయం పంపే క్రొవ్వు ఎక్కువ: ఇదీ మనవారి తీరు. మూడుపూటలా మరపట్టిన బియ్యం, పైన చక్కెర వేసిన టీలు, కూర్చొని చేసే ఉద్యోగం, నడుముచుట్టూ పేరిన క్రొవ్వు, ఇవన్నీ ట్రైగ్లిసరైడులను పెంచి హెచ్.డి.ఎల్.ను తగ్గించేవే. ఖర్చుకాని పిండిపదార్థాన్ని కాలేయం క్రొవ్వుగా మార్చి పంపుతుంది. సిగరెట్టు, బీడీ హెచ్.డి.ఎల్.ను ఇంకా తగ్గిస్తవి. తాగేవారిలో పొగత్రాగేవారు ఎక్కువ గనుక, సీసా ఇచ్చినది బీడీ తీసికొనిపోవటం కద్దు. నడకవల్లనూ, ఒంటిపనివల్లనూ కండరాలలో ట్రైగ్లిసరైడులను విడగొట్టే ఎంజైము చురుకెక్కుతుంది. ఆ రెండంకెలూ మంచివైపునకు జరుగుతవి. తాతల కాలంలో ఇంత అన్నం తినీ అరగించుకొన్నారంటే ఆ అన్నానికి తగిన పని ఉండేది.

సరిగ్గా ఇక్కడే ఆ పాత నమ్మకం మనలను పట్టుకొంటుంది. "మనవారికి హెచ్.డి.ఎల్. తక్కువ, మద్యం దానిని పెంచుతుంది, కాబట్టి మందువలె కొంచెం పుచ్చుకోవచ్చు గదా" అని తరగతిలో ఒక విద్యార్థి అడిగితే మిగిలినవారు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదు అది. ప్రపంచంలోని పెద్ద పెద్ద మందుల కంపెనీలు అడిగిన ప్రశ్న అదే.

హెచ్.డి.ఎల్.ను పెంచితే గుండెజబ్బు తగ్గుతుందని నమ్మి టార్సెట్రాపిబ్ అనే మందును తయారుచేసి దాదాపు 15,000 మందిమీద పరీక్షించారు. హెచ్.డి.ఎల్. 72 శాతం పెరిగింది, మద్యం కలలోకూడ చేయలేని పని. కాని మందు పుచ్చుకొన్నవారిలో చావులు ఎక్కువైనవి. 2006 డిసెంబరులో పరీక్షను అర్ధాంతరంగా ఆపివేశారు. 2012లో మరింత సూటియైన ఋజువు దొరికింది. కొందరికి పుట్టుకతోనే ఒక జన్యువులో చిన్న మార్పువల్ల హెచ్.డి.ఎల్. ఎక్కువగా ఉంటుంది. తల్లిదండ్రులనుండి ఏ జన్యువు వస్తుందో చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా జరిగేది గనుక, ఇది ప్రకృతి తానై చేసిన పరీక్ష వంటిది. ఆ మనుష్యులకు గుండెపోట్లు తక్కువగా ఉండవలె. లేవు, ఇతరులతో సమానంగానే ఉన్నవి. హెచ్.డి.ఎల్. తక్కువగా ఉండటం జబ్బుకు గుర్తే గాని, అంకెను పైకి నెట్టినంతమాత్రాన జబ్బు పోదు. జ్వరం చూచే గొట్టాన్ని చల్లనీళ్లలో ముంచితే రోగికి జ్వరం తగ్గుతుందా?

మరి మితంగా తాగేవారికి గుండెజబ్బు తక్కువని కనిపించిన లెక్కలేమిటి? ఇంగ్లండులో షేపర్ 1988లోనే మెలిక ఎక్కడున్నదో చెప్పాడు. తాగనివారి జాబితాలో జబ్బుచేసి తాగటం మానుకొన్నవారు కూడ చేరియున్నారు. వారిని ప్రక్కన పెట్టుకొని చూస్తే కొంచెం తాగేవాడు ఆరోగ్యవంతుడుగా కనిపించటం సహజమే. దీనినికూడ జన్యువులతోనే పరీక్షించారు. మద్యాన్ని విడగొట్టే ఎంజైములో ఒక మార్పు ఉన్నవారికి తాగితే ఒళ్లు మండినట్లై సరిపడదు. వారు పుట్టుకనుబట్టే తక్కువగా తాగుతారు. 2014లో రెండు లక్షల అరవై వేలమందికి పైగా ఉన్న లెక్కలలో, ఆ మార్పు గలవారికి గుండెజబ్బు తక్కువగా ఉన్నది. 2019లో చీనాలో ఐదు లక్షలమందిని అనుసరించిన పరిశీలనలో మద్యం పెరిగిన కొద్దీ పక్షవాతం పెరిగింది. మితంగా తాగినవారికి రక్షణ ఏమీ కనబడలేదు. మన దేశంలో పారిశ్రామిక కేంద్రాలలో నాలుగు వేలమందికి పైగా పురుషులను పరీక్షించి 2010లో ప్రకటించిన ఫలితం ఇంకా దగ్గరిది. తాగేవారిలో హెచ్.డి.ఎల్. కొంచెం ఎక్కువగానే ఉన్నది, రక్తపుపోటు, రక్తంలో చక్కెర కూడ ఎక్కువే, గుండెజబ్బు 1.4 రెట్లు. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆరోగ్యానికి హాని చేయని మద్యపు మోతాదు అంటూ ఏదీ లేదని ప్రకటించింది.

నమ్మకం మూలాలు పోయినా, అది రక్తపరీక్ష చీటీలో ఇంకా దాగియున్నది. చాలా పరీక్షశాలలలో ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలవరు. 1972లో ఫ్రీడ్‌వాల్డ్, ఆయన సహచరులు చెప్పిన సూత్రంతో లెక్కకడతారు. మొత్తం కొలెస్టెరాల్‌లోనుండి హెచ్.డి.ఎల్.నూ, ట్రైగ్లిసరైడులలో ఐదవ వంతునూ తీసివేయగా మిగిలినది ఎల్.డి.ఎల్. ఉదాహరణకు మొత్తం 220, హెచ్.డి.ఎల్. 50, ట్రైగ్లిసరైడులు 150 అయితే, ఎల్.డి.ఎల్. 140 వస్తుంది, వైద్యుడు హెచ్చరిస్తాడు. మొత్తం అదే 220 ఉండి, తాగుడువల్ల హెచ్.డి.ఎల్. 55కు, ట్రైగ్లిసరైడులు 350కి పోయినవనుకోండి. అప్పుడు ఎల్.డి.ఎల్. 95 అని వస్తుంది. "మంచిది" పెరిగింది, "చెడ్డది" తగ్గింది, చీటీ చూచి మురిసిపోవచ్చును. కాని ట్రైగ్లిసరైడులు పెరిగిన కొద్దీ ఆ ఐదవ వంతు లెక్క సరిగా పనిచేయక, ఎల్.డి.ఎల్.ను ఉన్నదానికన్న తక్కువగా చూపుతుంది. 400 దాటితే ఈ సూత్రాన్ని వాడనే కూడదు, ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలవవలె. అందుచేత చీటీ చేతికి రాగానే ముందు ట్రైగ్లిసరైడుల అంకె చూడవలె. మొత్తం కొలెస్టెరాల్‌లోనుండి హెచ్.డి.ఎల్.ను మాత్రం తీసివేసి చూచే పద్ధతి ఇంతకన్న నమ్మదగినది. పై ఉదాహరణలో అది మొదట 170, తరువాత 165. అనగా జరిగిన మేలు దాదాపు శూన్యం, పేరుకొన్న ట్రైగ్లిసరైడులు రెట్టింపుకు మించినవి. రాత్రి తాగి తెల్లవారి రక్తమిచ్చినా అంకె చెడుతుంది. పరీక్షకు ముందు రెండు మూడు రోజులైనా మానవలె.

తాగుడు మానుకొన్నవారికి ఒక విచిత్రం ఎదురౌతుంది. కొద్ది వారాలలోనే ట్రైగ్లిసరైడులు బాగా దిగిపోతవి. వాటితోపాటు హెచ్.డి.ఎల్. కూడ కొంత దిగుతుంది, ఒక్కొక్కరిలో రెండు వారాలలోనే. కొత్త చీటీలో ఆ అంకె ప్రక్కన "తక్కువ" అని అచ్చయి ఉండటం చూచి, మానటంవల్ల చెరుపు జరిగిందని భయపడేవారున్నారు. మళ్లీ మొదలుపెట్టటానికి అదొక కారణంగా చెప్పేవారూ ఉన్నారు. ఆ తగ్గినది మద్యం కాలేయాన్ని తొందరపెట్టి చేయించిన భాగమే. అది ఉన్న రోజులలో గుండెను కాపాడినదీ లేదు, పోయినందువల్ల గుండెకు నష్టమూ లేదు.